దొంగల అలారం ఊరికే మోగుతోందా? మోగాల్సినప్పుడు మోగడం లేదా? సెన్సర్ లోపాన్ని మీరే పట్టుకునే పద్ధతి

పంటలో తెగులు కనిపిస్తే ఫోన్ చేసే రైతులు ఈ మధ్య ఇంకో సమస్య కూడా అడుగుతున్నారు. "సార్, పిక్కల గదిలో పెట్టిన అలారం రాత్రి ఊరికే మోగుతోంది, ఏం చెయ్యాలి?" అని. ఇది మా శాఖ పని కాదు. అయినా కష్టపడి పండించిన సరుకు ఇంట్లోంచి పోతే అదీ పంట నష్టమే కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాదు, చెన్నై, విజయవాడ పనులకు వెళ్ళిపోయారు. కొన్ని ఇళ్ళకు సంక్రాంతి దాకా తాళమే. నవంబరు, డిసెంబరుల్లో ధాన్యం, వేసవిలో ఉద్దానం వైపు జీడి పిక్కలు, మెట్ట ప్రాంతాల్లో మొక్కజొన్న బస్తాలు ఇంట్లోనే ఉంటాయి. పొలంలో మోటారు, రాగి కేబులు ఉంటాయి. అందుకే చాలామంది కదలికను పసిగట్టి కూత పెట్టే అలారాలు కొని పెట్టుకుంటున్నారు. పెట్టిన మొదటి నెల అవి బాగానే పనిచేస్తాయి. తరవాతే ఇబ్బంది మొదలవుతుంది.

మా ఇంట్లో జరిగింది

ఉద్దానంలో మా సొంత ఊళ్ళో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. వెనక గదిలో జీడి పిక్కల బస్తాలు ఉంటాయని నేనే ఒక అలారం పెట్టించాను. కొన్నాళ్ళకు అది అర్ధరాత్రి దాటాక ఊరికే మోగడం మొదలుపెట్టింది. మొదటి రాత్రి ఇరుగుపొరుగు కర్రలు పట్టుకుని వచ్చారు. రెండో రాత్రి ఇద్దరే వచ్చారు. వారం తిరిగేసరికి ఎవరూ తలుపు తియ్యలేదు. "నాన్నా పులి" కథ మీకు తెలిసిందే కదా. ఒక రాత్రి నాలుగు బస్తాలు పోయాయి. ఆ రాత్రి అలారం మోగనే లేదు. తెల్లవారి నేను వెళ్ళి అడిగితే, "అది రోజూ అలాగే కూస్తాది కదా నాయినా, పడుకోనివ్వడం లేదని ఆపీసినాను" అంది అమ్మ.

తప్పు అమ్మది కాదు. అలారం ఊరికే మోగుతోందని ఫోన్‌లో చెప్పినప్పుడు, "వచ్చే నెల వచ్చి చూస్తాను" అన్నది నేను. తీరా విప్పి చూస్తే, సెన్సర్ వెనక వైరు కోసం గోడకు పెట్టిన కన్నం పూడ్చకుండా వదిలేశారు. ఆ కన్నంలోంచి రాత్రి గాలి సెన్సర్ పెట్టెలోకి కొడుతోంది. బల్లి ఒకటి లోపల కాపురం పెట్టింది. నిమ్మకాయంత పుట్టీ పెట్టి కన్నం మూశాక, ఆ సెన్సరే ఈ రోజు వరకూ ఊరికే మోగలేదు. అంటే నాలుగు బస్తాల పిక్కలు పోయింది ఆ కాస్త పుట్టీ పెట్టకపోవడం వల్లే.

అందుకే ఊరికే మోగే అలారాన్ని చిన్న ఇబ్బంది అనుకోకండి. ఊరికే మోగే అలారం, అలారం లేని ఇంటికంటే ప్రమాదం. ఉందన్న ధైర్యంతో మనం తాళం కూడా సరిగా చూసుకోము.

సెన్సర్ ఎలా పనిచేస్తుంది?

మన ఇళ్ళల్లో పెట్టేవాటిలో ఎక్కువ భాగం పి.ఐ.ఆర్. సెన్సర్లు. ఇవి కెమెరాలు కావు, మనిషిని చూడవు. వేడిని గమనిస్తాయి. మన ఒంటి నుంచి కంటికి కనపడని వేడి కిరణాలు ఎప్పుడూ వస్తుంటాయి. సెన్సర్ ముందున్న తెల్లటి ప్లాస్టిక్ అద్దం, ఎదుట ఉన్న స్థలాన్ని విసనకర్ర పుల్లల్లాగా చాలా పట్టీలుగా విడగొడుతుంది. చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో ఉన్న వస్తువు ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి దాటితే, లోపలి గింజలో చిన్న విద్యుత్ మార్పు వస్తుంది. అప్పుడు సెన్సర్ "కదలిక ఉంది" అని కంట్రోల్ పెట్టెకు చెబుతుంది.

దీన్నిబట్టి నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

1. సెన్సర్‌కు అడ్డంగా నడిచే మనిషిని అది తొందరగా పట్టుకుంటుంది. తిన్నగా దానివైపే వచ్చే మనిషిని ఆలస్యంగా పట్టుకుంటుంది.

2. మామూలు గాజు అద్దం అవతల ఉన్న మనిషి వేడి దానికి తెలియదు. కిటికీ అద్దం లోపల పెట్టి బయట కాపలా కాయమంటే కాయదు.

3. మన చర్మం వేడి సుమారు 32 నుంచి 35 డిగ్రీలు. గదిలో వేడి కూడా అంతే ఉంటే మనిషికీ గోడకీ తేడా తగ్గిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రేకుల షెడ్డులో సెన్సర్ మందగించడానికి కారణం ఇదే. రాత్రి చల్లబడితే మళ్ళీ పనిచేస్తుంది.

4. కరెంటు ఇచ్చిన వెంటనే అది సిద్ధం కాదు. అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా గదికి అలవాటు పడుతుంది. ఆ సమయంలో మోగినా, మోగకపోయినా లోపం అనుకోకండి.

ముందు లక్షణం రాసుకోండి

ఆకు మీద మచ్చ చూడకుండా మందు కొట్టం కదా. ఇక్కడా అంతే. సెన్సర్ మార్చేముందు ఒక వారం పాటు నోటు పుస్తకంలో ఈ వివరాలు రాయండి: ఏ సమయానికి మోగింది, అప్పుడు కరెంటు పోయి వచ్చిందా, గాలి వాన ఉందా, ఎండ ఎటువైపు ఉంది, గదిలో పిల్లి, కోడి, ఎలుక ఉన్నాయా. ఎక్కువసార్లు ఈ పుస్తకమే లోపాన్ని చెప్పేస్తుంది. రోజూ సాయంత్రం నాలుగు, అయిదు మధ్య మోగితే పడమటి ఎండ. కరెంటు వచ్చిన ప్రతిసారీ మోగితే అడాప్టరో బ్యాటరీయో. సమయం సందర్భం లేకుండా మోగితే పురుగులు, వదులు వైర్లు.

లోపాలన్నీ మూడు రకాలు:

ఒకటి, ఎవరూ లేకుండా మోగడం.
రెండు, మనిషి వచ్చినా మోగకపోవడం.
మూడు, ఆపకుండా మోగుతూనే ఉండడం, లేదా పెట్టె మీద ఆ గది దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండడం.

మీది ఏ రకమో తేల్చుకున్నాక ముందుకు వెళ్ళండి.

నడక పరీక్ష

ఇది ఖర్చులేని పరీక్ష. ఇద్దరు మనుషులు చాలు.

అలారాన్ని ఆపు స్థితిలో ఉంచండి. పెట్టెకు పరీక్ష మోడ్ ఉంటే అందులో పెట్టండి. సెన్సర్‌కు కరెంటు ఉండాలి. గదిలోంచి బయటకు వచ్చి రెండు నిమిషాలు ఆగండి. తరవాత ఒకరు గదిలోకి వెళ్ళి, సెన్సర్‌కు అడ్డంగా మామూలు నడకతో మూడు నాలుగు అడుగులు వెయ్యాలి. రెండోవారు గుమ్మం దగ్గర కదలకుండా నిలబడి సెన్సర్ మీద ఎర్ర దీపం వెలిగిందా లేదా చూడాలి. వెలిగిన చోట నేల మీద సుద్దముక్కతో గీత పెట్టండి. తలుపు, కిటికీ, బస్తాల వెనక, అన్ని చోట్లా ఇలాగే చేయండి. సుద్ద గీతలు లేని చోటు దొంగకు దారి.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. కొన్ని సెన్సర్లలో ఎర్ర దీపాన్ని ఆపేసే చిన్న జంపర్ ఉంటుంది. అది తీసి ఉంటే సెన్సర్ పనిచేసినా దీపం వెలగదు. రెండోది, వైరు లేని సెన్సర్లలో చాలావరకు బ్యాటరీ ఆదా కోసం ఒకసారి కదలిక చూశాక రెండు మూడు నిమిషాలు నిద్రపోతాయి. వెంటనే రెండోసారి నడిస్తే పలకవు. పరీక్ష బటన్ నొక్కి చూడండి, లేదా గదిని అయిదు నిమిషాలు ఖాళీగా ఉంచి మళ్ళీ నడవండి.

ఇంకో మాట. ఈ పరీక్షను ఒకసారి పగలు, ఒకసారి రాత్రి చేయండి. మీరు భయపడేది ఏ వేళకో ఆ వేళకు పనిచేయడం ముఖ్యం.

ఫలితం ఇలా అర్థం చేసుకోవాలి. దీపం వెలిగి సైరన్ కూడా మోగితే అంతా సరిగా ఉంది. దీపం వెలుగుతోంది కానీ సైరన్ మోగడం లేదంటే సెన్సర్ బాగానే కదలికను చూస్తోంది, లోపం చాలావరకు వైరులోనో పెట్టెలోనో సైరన్‌లోనో ఉంది. దీపమే వెలగకపోతే ముందు సెన్సర్‌కు కరెంటు అందుతోందా అన్నది చూడాలి.

మొదటి రకం: ఎవరూ లేకుండా మోగడం

కారణాలు, నివారణ వరసగా చెబుతాను. ఎక్కువగా కనిపించేవి ముందు పెట్టాను.

పురుగులు, బల్లులు, సాలెగూడు: అద్దం మీద పాకే చిన్న పురుగు కూడా సెన్సర్‌కు పెద్ద కదలికలా కనిపిస్తుంది. మెత్తటి పొడి గుడ్డతో అద్దం తుడవండి. మూత విప్పి లోపల చూడండి. వైరు వచ్చే కన్నాన్ని, గోడకూ పెట్టెకూ మధ్య సందును పుట్టీతోనో సిలికాన్‌తోనో మూయండి. లోపలి గింజను వేలితో ముట్టుకోవద్దు. అద్దం మీద పురుగుమందు కొట్టవద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. రాత్రి సెన్సర్ పక్కనే బల్బు వెలిగితే పురుగులు, వాటి కోసం బల్లులు వస్తాయి. బల్బును దూరంగా జరపండి.

ఎండ, గాలి: పడమటి కిటికీలోంచి ఎండ నేల మీద పడి మబ్బు వచ్చి పోతుంటే నేల వేడి గబగబా మారుతుంది. రేకుల కప్పు సాయంత్రం చల్లబడేటప్పుడూ అంతే. ఎండకు వేడెక్కిన గోనె సంచి, ఆరేసిన బట్ట గాలికి ఊగితే మనిషి కదిలినట్టే లెక్క. సెన్సర్‌ను కిటికీకి ఎదురుగా కాకుండా, కిటికీ ఉన్న గోడ మూలలో గది లోపలికి చూసేలా బిగించండి. వేలాడే వస్తువులు తీసేయండి.

పిల్లి, కోడి, ఎలుక, పశువులు: పశువుల శాల కనిపించేలా సెన్సర్ పెడితే రాత్రంతా మోగుతుంది. గుమ్మం తెరిచి ఉన్నా అదే ఇబ్బంది. పెంపుడు జంతువులను పట్టించుకోని రకం సెన్సర్లు దొరుకుతాయి కానీ, పిల్లి బస్తాల మీదకు ఎక్కి సెన్సర్ ఎత్తుకు వస్తే అవీ మోగుతాయి. ఎలుకల నివారణ ఎటూ ధాన్యం కోసం చేయవలసిందే.

పొయ్యి, ఫ్రిజ్, దీపాలు: కట్టెల పొయ్యి, ఫ్రిజ్ వెనకభాగం, దీపారాధన సెన్సర్ చూపులో పడకూడదు.

కరెంటు హెచ్చుతగ్గులు: మోటారు స్టార్టర్ వేసినప్పుడో, కరెంటు పోయి వచ్చినప్పుడో మోగితే అలారం బ్యాటరీ బలహీనపడిందని అనుమానించండి. మంచి బ్యాటరీ ఉంటే కరెంటు పోయిన సంగతి సెన్సర్‌కు తెలియకూడదు. సెన్సర్ వైరును 230 వోల్టుల వైరుతో కలిపి ఒకే గొట్టంలో లాగి ఉంటే వేరు చేయించండి.

సిమ్ ఉన్న పెట్టె: ఫోన్‌కు కాల్ చేసే జి.ఎస్.ఎం. పెట్టెను సెన్సర్ పక్కనే పెడితే, అది సిగ్నల్ పంపినప్పుడు సెన్సర్ తడబడవచ్చు. రెండింటి మధ్య కనీసం ఒకటి రెండు మీటర్ల దూరం ఉంచండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మోగుతుంటే అప్పుడు సెట్టింగు ముట్టుకోండి. చాలా సెన్సర్లలో పల్స్ కౌంట్ అనే జంపర్ ఉంటుంది. 1 లో ఉంటే ఒక్క కదలికకే మోగుతుంది, 2 లో ఉంటే రెండు పట్టీలు దాటాక మోగుతుంది. పల్లెటూరి ఇళ్ళకు 2 మంచిది. మార్చాక నడక పరీక్ష మళ్ళీ చేయాలి. ముందే సెట్టింగు తగ్గించేస్తే కారణం అలాగే ఉండిపోయి, దొంగ వచ్చినప్పుడు కూడా మోగదు. తెగులు పోగొట్టకుండా పచ్చదనం కోసం యూరియా వేసినట్టే అది.

రెండో రకం: మనిషి వచ్చినా మోగకపోవడం

మన దగ్గర దీనికి మొదటి కారణం బస్తాలే. సెన్సర్ బిగించినప్పుడు గది ఖాళీ. నూర్పులయ్యాక బస్తాలు పైదాకా పేరుస్తాం. సెన్సర్ ముందు గోడ కట్టినట్టు అవుతుంది. సరుకు వేసిన ప్రతిసారీ నడక పరీక్ష చేయండి.

రెండో కారణం సంక్రాంతి సున్నం. ఇల్లు వెల్ల వేసినప్పుడు చుక్కలు అద్దం మీద పడతాయి. కొందరు అద్దానికి కూడా రంగు పూసేస్తారు. వెల్ల వేసేముందు ప్లాస్టిక్ సంచి తొడగండి, అయ్యాక తప్పకుండా తీయండి. గట్టిపడిన సున్నాన్ని గోకవద్దు. అద్దం గీతలు పడితే చూపు పోతుంది. తడిగుడ్డతో పోకపోతే సెన్సర్ మార్చడం మేలు.

మూడోది ఎత్తు, దిశ. చాలా రకాలకు నేల నుంచి 2.1 నుంచి 2.4 మీటర్లు, అంటే 7 నుంచి 8 అడుగుల ఎత్తు సరిపోతుంది. గది మూలలో, కదలని గట్టి గోడకు బిగించాలి. రేకుకు, తాటాకు దడికి కట్టవద్దు. దొంగ లోపలికి వచ్చే దారి సెన్సర్‌కు అడ్డంగా ఉండాలి.

నాలుగోది కరెంటు అందకపోవడం. చిన్న మల్టీమీటర్ ఉంటే సెన్సర్ దగ్గర ప్లస్, మైనస్ స్క్రూల మధ్య కొలవండి. సాధారణంగా వైరు సెన్సర్లకు 9 నుంచి 16 వోల్టుల డి.సి. కావాలి. మీ సెన్సర్ మీద రాసిన అంకెను చూసుకోండి. పెట్టె దగ్గర 13 వోల్టులు ఉండి సెన్సర్ దగ్గర 9 కంటే తక్కువ ఉంటే వైరు మరీ సన్నగా, పొడవుగా ఉందని, లేదా జాయింటు తుప్పు పట్టిందని అర్థం. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఉప్పు గాలికి స్క్రూలు ఆకుపచ్చగా చిలుము పడతాయి. కరెంటు ఆపి, వైరు చివర కత్తిరించి, కొత్త రాగి తేలేలా చేసి మళ్ళీ బిగించండి.

పెట్టె, సైరన్, సిమ్ కూడా చూడాలి. ఫోన్‌కు కాల్ రావడం లేదంటే ముందు ఆ సిమ్ రీఛార్జి అయిపోయిందేమో చూడండి. చాలాసార్లు లోపం ఇదే. మీ ఫోన్ నంబరు మార్చుకుని పెట్టెలో పాత నంబరే ఉంచారా అన్నదీ చూడండి.

మూడో రకం: ఆపకుండా మోగడం

వైరు సెన్సర్లలో లోపల ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. దాన్ని ఎన్.సి. కాంటాక్ట్ అంటారు. గది నిశ్చలంగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది. కదలిక వస్తే తెరుచుకుంటుంది. వైరు తెగినా, సెన్సర్‌కు కరెంటు పోయినా కూడా తెరుచుకున్నట్టే లెక్క. దొంగ వైరు కోసినా మోగాలని అలా చేశారు. కాబట్టి ఆపకుండా మోగుతుంటే ఎలుక కొరికిన వైరు, వదులు స్క్రూ, సరిగా పడని మూత, ఈ మూడూ ముందు చూడండి. మూత తెరిస్తే మోగే టాంపర్ స్విచ్చి విడిగా ఉంటుంది. మూత సగం పడినా అది ఒప్పుకోదు.

అడాప్టర్ తీసి, బ్యాటరీ వైరు కూడా తీసి, సెన్సర్‌లోని ఎన్.సి. స్క్రూల నుంచి వైర్లు విప్పండి. ఎన్.సి. వైర్లు అలా విడిగా ఉండగానే అడాప్టర్, బ్యాటరీ తిరిగి కలిపి సెన్సర్‌కు కరెంటు ఇవ్వండి. పెట్టె కూయకుండా పరీక్ష మోడ్‌లో ఉంచండి, లేదా సైరన్ వైరు తీసి ఉంచండి. రెండు నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి ఆ రెండు స్క్రూలకు ఆనించండి. మీరు కదలకుండా ఉంటే బీప్ రావాలి, చెయ్యి ఊపితే బీప్ ఆగాలి. అలా జరిగితే సెన్సర్ మంచిదే, లోపం వైరులోనో పెట్టెలోనో ఉంది. కదలకపోయినా బీప్ రాకపోతే, ఎప్పుడూ బీప్ వస్తూనే ఉంటే సెన్సర్ లోపలి స్విచ్చి పోయింది.

మీటర్ లేనివారికి తేలికైన దారి మార్పిడి పరీక్ష. ఒకే రకం సెన్సర్లు రెండు ఉంటే, అన్నీ ఆపు చేసి వాటి స్థానాలు మార్చండి. లోపం సెన్సర్‌తో పాటు రెండో గదికి వెళ్ళిందా, సెన్సర్ పాడు. లోపం పాత గదిలోనే ఉండిపోయిందా, సెన్సర్ మంచిది, ఆ గది వైరు లేదా ఆ చోటు చెడ్డది. ఒక్క సెన్సర్ కూడా కొనకముందే ఈ పరీక్ష చేయండి.

విప్పినప్పుడు రంగు చారలున్న చిన్న రెసిస్టర్ స్క్రూల మధ్య కనిపిస్తే పారేయవద్దు. అది లేకపోతే పెట్టె ఎప్పుడూ లోపం చూపిస్తుంది. ఏది ఎక్కడ ఉందో విప్పకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

ఎలక్ట్రీషియన్ తయారు చేసిన అలారాలు

మన ఊళ్ళల్లో కొందరు హెచ్‌సి-ఎస్‌ఆర్ 501 అనే చిన్న బోర్డుతో చవకగా అలారం చేసి ఇస్తున్నారు. దీని మీద రెండు చిన్న తిరుగుడు స్క్రూలు ఉంటాయి. ఒకటి దూరానికి, సుమారు 3 నుంచి 7 మీటర్లు. ఇంకొకటి సమయానికి, కొన్ని సెకండ్ల నుంచి సుమారు 5 నిమిషాల దాకా. సమయం స్క్రూ చివరిదాకా తిరిగి ఉంటే ఒక్కసారి కదిలినా అయిదు నిమిషాలు మోగుతూనే ఉంటుంది. పాడైందని పారేసిన బోర్డుల్లో కొన్నిటికి ఇంతకంటే లోపం లేదు. కరెంటు ఇచ్చాక ఒక నిమిషం దీన్ని నమ్మకూడదు. ఈ బోర్డు వానకు, తేమకు ఆగదు. వసారాలో, పొలం షెడ్డులో పెట్టవలసి వస్తే బయట వాడకానికి తయారుచేసిన సెన్సరే కొనండి.

బ్యాటరీని మరచిపోవద్దు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడే ఇళ్ళు ఖాళీగా ఉంటాయి, అలారం అవసరం పడుతుంది. చాలా పెట్టెల్లో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. మీ అలారం నిలకడగా 0.1 ఆంపియర్ తీసుకుంటే లెక్క ప్రకారం 70 గంటలు రావాలి. పాత బ్యాటరీ అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. వేడి గదుల్లో ఇవి మూడేళ్ళకే నీరసిస్తాయి.

పరీక్ష ఇలా చేయండి. అడాప్టర్ తీసేసి, సైరన్‌ను ఒక నిమిషం మోగనివ్వండి. ముందుగా ఇరుగుపొరుగుకు చెప్పండి. కూత నీరసించినా, మీటర్ మీద 11 వోల్టుల కంటే దిగినా బ్యాటరీ మార్చాలి. నిండా ఛార్జి అయిన బ్యాటరీ విడిగా సుమారు 12.7 వోల్టులు చూపిస్తుంది.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

అలారం మోగిందని కర్ర పట్టుకుని చీకట్లోకి ఒంటరిగా వెళ్ళవద్దు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. పార్వతీపురం మన్యం జిల్లాలో కొమరాడ, గరుగుబిల్లి వైపు ఏనుగులు ఊళ్ళల్లోకి వస్తున్నాయి. సెన్సర్‌కు దొంగకూ ఎలుగుకూ తేడా తెలియదు. లోపల నుంచే దీపాలు వేయండి, పక్కింటివారికి ఫోన్ చేయండి, అనుమానం ఉంటే 112 కు చెప్పండి. జంతువు అయితే అటవీ శాఖ సిబ్బందికి తెలియజేయండి.

తలుపుకో కంచెకో కరెంటు తీగ కలిపితే దొంగ రాడని, పంది రాదని కొందరు చేస్తున్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. రాత్రి నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క రైతు, మీ ఇంటి పిల్లవాడు, మీ ఎద్దు దానికి బలవుతారు. అది చట్టరీత్యా నేరం కూడా. అలారం మరమ్మతులో 12 వోల్టుల వైపు వరకే మీరు చేయండి. 230 వోల్టుల వైపు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ ఇబ్బంది ఉన్నా 1912 కు ఫోన్ చేయండి.

నాలుగు రోజులు ఇల్లు వదిలి వెళ్ళేవారు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ వారి ఎల్.హెచ్.ఎం.ఎస్. గురించి మీ స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరాను పోలీసులే ఉచితంగా పెట్టే విధానం ఇది. అందుబాటులో ఉన్న చోట వాడుకోండి.

నెలకోసారి, అమావాస్యకు ముందు రోజు

దొంగల భయం చీకటి రాత్రుల్లోనే ఎక్కువ. కాబట్టి ప్రతి అమావాస్యకు ముందు రోజు ఈ ఆరు పనులు చేయండి. పావుగంట పడుతుంది.

1. అద్దం పొడిగుడ్డతో తుడవాలి, సాలెగూడు తీయాలి.
2. నడక పరీక్ష చేయాలి. సరుకు కొత్తగా వేస్తే అదే రోజు చేయాలి.
3. అడాప్టర్ తీసి బ్యాటరీ మీద ఒక నిమిషం మోగించాలి.
4. సిమ్ రీఛార్జి గడువు చూడాలి, ఫోన్‌కు కాల్ వస్తోందో లేదో చూడాలి.
5. వైర్లను ఎలుక కొరికిందేమో, కన్నాలు తెరుచుకున్నాయేమో చూడాలి.
6. ఊరికే మోగిన రోజు ఉంటే పుస్తకంలో రాయాలి.

అన్ని పరీక్షలూ చేశాక సెన్సరే పాడైందని తేలితే విప్పి బాగుచేయాలని చూడకండి. వైరు సెన్సర్ వెల కొన్ని వందల రూపాయలే. గ్యారంటీ కాలం ఉంటే బిల్లు చూపించి మార్పించుకోండి. అదే రకం, అదే వోల్టేజి ఉన్నది తెచ్చుకోండి.

చివరగా, ఊళ్ళో తల్లిదండ్రులను ఉంచి దూరంగా ఉద్యోగం చేసే పిల్లలకు ఒక మాట. అలారం ఊరికే మోగుతోందని వాళ్ళు ఫోన్‌లో చెబితే "ఆపేసి పడుకో అమ్మా" అనకండి, "తరవాత చూస్తాను" అనీ అనకండి. ఎప్పుడు మోగింది, కరెంటు పోయిందా, గాలి ఉందా అని అప్పుడే అడిగి రాసుకోండి. పక్కింటి కుర్రవాడి చేత నడక పరీక్ష చేయించండి. నేను ఆ రోజు చేయనిది అదే.